తిలోదకాలకు నోచుకోని మేనత్త

మా నాన్నగారు పోయి ఏడాది గడిచాక వచ్చిన మహాలయ పక్షంలో ఆయన చేతిరాతతో ఉన్న పాత నోటుపుస్తకం ఒకటి బయటికి తీశాను. తర్పణంలో చెప్పవలసిన పేర్లన్నీ అందులో వరసగా రాసుకున్నారు. తండ్రి, తాత, ముత్తాత. తల్లి, మామ్మ, ఆవిడ అత్తగారు. తర్వాత అమ్మ పుట్టింటివాళ్ళు. ఆ తర్వాత కారుణ్య పితృదేవతలుగా చెప్పుకొనే బంధువులు. ప్రతి పేరు పక్కనా గోత్రం. అప్పచెల్లెళ్ళ వరసలో రెండు పేర్లు ఉన్నాయి. మూడో గీత మీద పేరు లేదు. పెన్సిలుతో గోత్రం ఒక్కటే రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంది.

ఆ ఖాళీ ఎవరిదో నాకు తెలుసు. పోవడానికి కొద్ది నెలల ముందు నాన్నగారే చెప్పారు.

మా ముత్తాతగారి కాలం నుంచి మాది బరంపురం. అప్పట్లో అది మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు, ఉన్న ఇంట్లోంచి కదలకుండానే మేం ప్రవాసాంధ్రులమయ్యాం. నాన్నగారి పెద్దక్క పెళ్ళి అంతకు ఆరేళ్ళ ముందు, 1930 మార్చిలో జరిగింది. అప్పటికి ఆవిడకు తొమ్మిదేళ్ళు. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేయరాదని హరవిలాస్ శారదా తెచ్చిన చట్టం 1929లో ప్యాసయింది. అది 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆ గడువు దాటకుండా దేశమంతటా వేలకు వేలు పసిపిల్లల పెళ్ళిళ్ళు జరిపించేశారు. మా అత్తది అందులో ఒకటి. రెండేళ్ళకు ఆ పిల్లవాడు పోయాడు. ఆవిడ అత్తవారింట ఒక్క రోజయినా కాపురం చేయలేదు. పెద్దమనిషి అయ్యాక తల తీయించి, తెల్లచీర కట్టించి, మడివంటకు పెట్టారు.

1940లో ఆవిడ గర్భవతి అయింది. ఎవరో తెచ్చిన వేరు నూరి తాగించారు. మూడో రాత్రికి ప్రాణం పోయింది. ఇరుగుపొరుగుకు విషజ్వరం అని చెప్పారు. నాన్నగారికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆయనకు గుర్తున్నది రెండే: వంటింట్లోంచి వచ్చిన కషాయం వాసన, తెల్లారి లేచేసరికి అక్క లేకపోవడం. పెద్దవాడై తర్పణాలు మొదలుపెట్టినప్పుడు అక్క పేరు కూడా చెబుతానంటే, భ్రూణహత్య చేసినదానికి నీళ్ళు లేవన్నారట పెద్దలు. ఆయన ఎదురు చెప్పలేదు. గోత్రం మాత్రం రాసి పెట్టుకున్నారు.

ఆ మగవాడెవరో నాన్నగారు చెప్పలేదు. ఆయనకు తెలుసో తెలియదో. ఇంట్లో మనిషో, వచ్చిపోయే మనిషో. ఎవరైనా సరే, ఆయన పేరున ఏటా ఎవరో ఒకరు నువ్వులూ నీళ్ళూ వదులుతూనే ఉండి ఉంటారు. ఆ పేరు మా నోటుపుస్తకంలోనే ఉందేమోనన్న అనుమానం కూడా నాకు రాకపోలేదు.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. సంస్కృత పండితుణ్ణి కాను. కానీ ముప్పై ఏళ్ళుగా ఖాతాలు చూస్తున్నాను. ఒక పద్దు ఎవరి పేరున రాశారో చూసి ఊరుకుంటే మా ఉద్యోగం కాదు. దానికి వోచరేది, దాన్ని పాస్ చేసిందెవరు అని వెతకాలి. మా అత్త పేరున రాసిన ఆ పద్దుకు వోచరు ఎక్కడుందో చూద్దామని తెలుగు తాత్పర్యాలతో ఉన్న స్మృతులు, వైద్యగ్రంథాలు, పందొమ్మిదో శతాబ్దపు సంస్కర్తల రచనలు రెండు మూడేళ్ళుగా చదువుతున్నాను. తెలిసినంతవరకు ఇక్కడ చెబుతాను.

* * *

వోచరు ఉంది. మనుస్మృతి అయిదో అధ్యాయంలో ఉదకక్రియ ఎవరెవరికి లేదో చెప్పే చోట, గర్భానికీ భర్తకూ ద్రోహం చేసిన స్త్రీలను కూడా చేర్చారు. మా ఇంటి పెద్దలు చెప్పినది ఇదే. గౌతమ ధర్మసూత్రం స్త్రీ పతితురాలు కావడానికి చెప్పిన కారణాల్లో భ్రూణహత్య ఒకటి. యాజ్ఞవల్క్యుడూ గర్భపాతనాన్ని స్త్రీల విశేష పాతకాల్లో చెప్పాడు. పరాశరస్మృతి ఇంకా కఠినం. నాలుగో అధ్యాయంలో గర్భపాతానికి బ్రహ్మహత్యకంటే రెట్టింపు పాపమనీ, ప్రాయశ్చిత్తమే లేదనీ, అలాంటి స్త్రీని విడిచిపెట్టాలనీ శాసించింది.

మన పురాణాలు కూడా గర్భస్థ శిశువు పక్షానే నిలుస్తాయి. ఉత్తర గర్భం మీద అస్త్రం వేసిన అశ్వత్థామకు కృష్ణుడు వేసిన శిక్ష మరణం కాదు. మూడు వేల ఏళ్ళు దిక్కులేక తిరగడం. తిక్కనగారి సౌప్తిక పర్వం విన్నవాళ్ళకు ఇది తెలుసు. కడుపులోని బిడ్డను ప్రాణిగా చూసి గౌరవించడం ఈ సంప్రదాయంలో నిజంగానే ఉంది. దాన్ని నేను తక్కువ చేయడం లేదు.

అయితే వెతికినకొద్దీ ఆ పద్దుకు ఇంకో పక్క కూడా కనిపించింది. మాది ఆపస్తంబ సూత్రం. ఆపస్తంబుడు మనిషిని పతితుణ్ణి చేసే పనుల్లో గర్భశాతనాన్ని దొంగతనం, నరహత్య, సురాపానాల పక్కన చెప్పాడు. ఆ పట్టిక ఆడవాళ్ళకు మాత్రమే అని ఆయన అనలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నేరం ఇంకొకరిది. గర్భిణిని కొట్టి గర్భం పోగొట్టినవాడికి ఉత్తమ దండన, మందు పెట్టి పోగొట్టినవాడికి మధ్యమ దండన, కష్టపెట్టి పోగొట్టినవాడికి ప్రథమ సాహస దండన. అంటే మందు తాగిన చెయ్యి కాక, మందు పెట్టిన చెయ్యి కూడా అక్కడ లెక్కలోకి వచ్చింది.

జీవుడు ఎప్పుడు వస్తాడన్న దానిమీద కూడా పెద్దలందరిదీ ఒక్క మాట కాదు. చరకుడి ప్రకారం శుక్రశోణితాలు కలిసినప్పుడే జీవుడు దిగుతాడు. సుశ్రుతుడు నాలుగో నెలలో గర్భంలో చైతన్యం వ్యక్తమవుతుందంటాడు. గర్భిణికి రెండు హృదయాలుంటాయన్న మాట అక్కడిదే. గర్భోపనిషత్తు ఏడో నెలలో పిండం జీవంతో కూడుతుందని చెప్పింది. అశౌచం లెక్క చూడండి. పరాశరస్మృతే నాలుగో నెలవరకు పోతే స్రావమనీ, అయిదారు నెలల్లో అయితే పాతమనీ, ఆ పైన ప్రసవమనీ పేర్లు పెట్టింది. మైల రోజులు కూడా గర్భం నెలలను బట్టి పెరుగుతాయి. పాపం చెప్పేటప్పుడు నెలల తేడా లేదు, దుఃఖం లెక్కపెట్టేటప్పుడు ఉంది.

అన్నిటికంటే నన్ను ఆపినది సుశ్రుతుడి చికిత్సాస్థానంలో మూఢగర్భం గురించి రాసిన అధ్యాయం. అడ్డం తిరిగిన బిడ్డను బయటికి తీసే పద్ధతులు చెబుతూ, బతికి ఉన్న శిశువు మీద శస్త్రం వేయకూడదని ఆయన గట్టిగా హెచ్చరిస్తాడు. అలా చేస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారట. కానీ వ్యాధి ఇక తట్టుకోలేని స్థితికి వస్తే గర్భాన్ని పడగొట్టడమే మేలు, తల్లిని పోగొట్టుకోకూడదు అన్నది కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. ధర్మశాస్త్రకారుడు రాసిందీ ఋషివాక్యమే, వైద్యుడు రాసిందీ ఋషివాక్యమే. మా ఇంట్లో 1940లో మొదటిది అందరికీ కంఠస్థం. రెండోది ఒక్కరికీ తెలియదు.

* * *

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. భ్రూణహత్య అనే మాట మా అత్త జీవితంలోకి 1940లో వచ్చిందనుకున్నాను. కాదు. అంతకు పదేళ్ళ ముందే, ఆవిడ తొమ్మిదో ఏట పీటల మీద కూర్చున్నప్పుడే వచ్చింది.

ఋతుకాలంలో భార్య కోరితే నిరాకరించిన పురుషుణ్ణి భ్రూణహంతకుడన్నారు మన పూర్వులు. ఆదిపర్వంలో యయాతి శుక్రాచార్యులకు చెప్పుకొన్న సమాధానం ఇదే: శర్మిష్ఠ కోరింది, కాదంటే భ్రూణహత్యాదోషం వస్తుంది, అందుకే కాదనలేకపోయాను అని. పుట్టగలిగిన బిడ్డ పుట్టకపోవడం కూడా హత్యే అన్న భావన ఇది. ఈ భావనను తండ్రి మీదికి తిప్పినవాడు యాజ్ఞవల్క్యుడు. కన్యాదానం చేయవలసినవాడు చేయకుండా ఉంటే, ఆ పిల్ల ఋతుమతి అయిన ప్రతిసారీ అతనికి ఒక భ్రూణహత్యాపాపం చుట్టుకుంటుందని ఆచారాధ్యాయంలో రాశాడు.

బ్యాంకు భాషలో చెప్పాలంటే ఇది నెలనెలా పెరిగే అపరాధ వడ్డీ. దానికి భయపడని తండ్రి ఎవరు? పిల్ల పెద్దమనిషి కాకముందే పెళ్ళి చేసి ఆ బాకీ వదిలించుకున్నారు. శారదా చట్టం మీద సనాతనుల అభ్యంతరాల్లో రజస్వల కాకముందే కన్యాదానం చేయాలన్న శాస్త్ర నియమం ముఖ్యమైనది. మా తాతగారు చెడ్డవారు కారు. ఆ పాపం తగలకూడదనే 1930 మార్చిలో పెళ్ళి చేశారు. ఆ పెళ్ళి మూలంగానే ఆవిడ పదకొండో ఏట వితంతువయింది. వితంతువుకు మళ్ళీ పెళ్ళి లేదు గనకనే ఆవిడ కడుపు నేరమయింది. లేని భ్రూణహత్యకు భయపడి చేసిన పని నిజమైన భ్రూణహత్యకు దారితీసింది. మొదటి దానిలో పద్దు తండ్రిది. దాన్ని తీర్చింది కూతురు. రెండోదానిలో పద్దూ కూతురిదే, తీర్చిందీ కూతురే.

ఇది మొట్టమొదట చూసింది నేను కాదు. నూట డెబ్బై ఏళ్ళ నాడే కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు చూశారు. 1855లో వితంతు వివాహం మీద ఆయన రాసిన పుస్తకానికి ఆధారం పరాశరస్మృతి. భర్త కనబడకపోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా స్త్రీకి మరో భర్త ఉండవచ్చునన్న వాక్యం అందులో ఉంది. ఎక్కడ ఉంది? గర్భపాతానికి ప్రాయశ్చిత్తం లేదన్న నాలుగో అధ్యాయంలోనే, ఆ వాక్యానికి కొద్ది శ్లోకాల దూరంలో. మళ్ళీ పెళ్ళి లేకపోవడం వల్లనే వ్యభిచారం, భ్రూణహత్య ఇళ్ళలో పెరుగుతున్నాయని విద్యాసాగరులు దేశవాసులను నిలదీశారు. 1856 జూలైలో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది.

ఒకే అధ్యాయంలో తలుపు మూసే శ్లోకం ఉంది, తలుపు తెరిచే శ్లోకం ఉంది. మన ఇళ్ళలో మూసేదాన్ని పాటించారు. తెరిచేదాన్ని కలియుగానికి చెల్లదన్నారు. పరాశరస్మృతి కలియుగానికే చెప్పిన స్మృతి అని వాళ్ళే అంటారు.

మహారాష్ట్రంలోని మన పాఠకులకు జ్యోతిరావు ఫూలే సంగతి నేను చెప్పనక్కరలేదు. ఆయన స్నేహితుడి ఇంట వంట చేసుకొనే ఒక బ్రాహ్మణ వితంతువు గర్భవతి అయింది. మందులు పనిచేయలేదు. కన్న బిడ్డను చంపి బావిలో వేసింది. ఆమెకు అండమాను ద్వీపాంతరవాస శిక్ష పడింది. అది చూసిన ఫూలే, సావిత్రీబాయి దంపతులు 1863లో పుణేలో తమ ఇంట్లోనే బాలహత్యా ప్రతిబంధక గృహం తెరిచారు. వితంతువులు రహస్యంగా వచ్చి క్షేమంగా ప్రసవించి, ఇష్టమైతే బిడ్డను అక్కడే వదిలి వెళ్ళవచ్చునని గోడల మీద ప్రకటనలు అంటించారు. ఫూలే పుట్టిన కులంలో కాని, కింది కులాల్లో కాని మారుమనువుకు అడ్డు అంతగా లేదు. అడ్డున్నది బ్రాహ్మణ ఇళ్ళలో. ఆ ఇళ్ళ ఆడపిల్లల కోసమే ఆయన ఈ తలుపు తెరిచాడు. 1884లో ప్రభుత్వానికి ఇచ్చిన అభిప్రాయంలో ఆయన లెక్క రాశాడు: అప్పటికి 35 మంది వితంతువులు వచ్చి ప్రసవించారు; పిల్లల్లో 5 మందే బతికారు; మిగతా 30 మంది, తల్లులు గర్భం దాచుకోవడానికి అంతకు ముందే మింగిన మందుల వల్ల చనిపోయారు. ఆ ఇంట పుట్టిన ఒక వితంతువు కొడుకునే దంపతులు పెంచుకున్నారు. అతడు యశవంత్, డాక్టరయ్యాడు. 1897 ప్లేగులో రోగులకు సేవ చేస్తూ సావిత్రీబాయి కన్నుమూసింది ఆ కొడుకు పక్కన పనిచేస్తూనే. ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో వెన్నుదన్నుగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగు కామాఠీ పెద్దలు ఉన్నారన్నది మనం గర్వంగా చెప్పుకోవలసిన విషయం.

1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకు శిశుహత్య నేరం కింద ఉరిశిక్ష వేశారు. తర్వాత తగ్గించారు. పత్రికలు వితంతువుల నీతి గురించి పాఠాలు చెప్పాయి. దానికి జవాబుగా 1882లో బుల్ఢాణాకు చెందిన తారాబాయి శిందే 'స్త్రీ పురుష తులన' రాసింది. ఆడదాని తప్పు లెక్కపెట్టేవాళ్ళు అదే తప్పులో సగం ఉన్న మగవాణ్ణి ఎందుకు లెక్కపెట్టరన్నదే ఆ పుస్తకం మొత్తం అడిగిన ప్రశ్న.

ఆ 1881లోనే, డిసెంబరు 11న, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. డబ్బు సాయం కాకినాడ పైడా రామకృష్ణయ్యగారిది. 1879లో మొదలుపెట్టిన ఉపన్యాసాల్లో పంతులుగారు ఆధారంగా నిలిపిందీ ఆ పరాశర వాక్యమే. వితంతువులకు దారి మూసేసి భ్రూణహత్యలకు కారణమైన సమాజానికి ఆ పాపంలో భాగం లేదా అన్నదే ఆయన వాదన సారం. రాజమండ్రిలో ఆ పెళ్ళి జరిగిన యాభై తొమ్మిదేళ్ళకు మా అత్త పోయింది. రాజమండ్రి నుంచి బరంపురానికి రైలు ఉంది. ఆ వార్త మా ఇంటికి చేరలేదని అనలేను. చేరినా లోపలికి రానివ్వలేదు.

* * *

మా అత్తను ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదని నాన్నగారిని అడిగాను. పరువు ఒక్కటే కారణం కాదట. తాతగారు కోర్టు గుమాస్తా. చట్టం ఆయనకు తెలుసు. 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షన్ ప్రకారం గర్భం తీయించినవాళ్ళకు మూడేళ్ళ వరకు జైలు. బిడ్డ కదలిక తెలిశాక అయితే ఏడేళ్ళ వరకు. తానే చేసుకున్న స్త్రీకి కూడా అదే శిక్ష. తల్లి ప్రాణం కాపాడటానికి సద్బుద్ధితో చేస్తే తప్ప మినహాయింపు లేదు. ఇంగ్లీషువాళ్ళు తెచ్చిన ఆ చట్టం, మన స్మృతుల్లోని కఠినమైన భాగం చేతులు కలిపాయి. శాస్త్రానికి భయపడి మందు తాగించారు. చట్టానికి భయపడి డాక్టరును పిలవలేదు.

ఇలా నాటు మందులతో చనిపోతున్న స్త్రీలను గురించి పరిశీలించడానికే 1964లో మహారాష్ట్ర ఆరోగ్యమంత్రి శాంతిలాల్ షా అధ్యక్షతన సంఘం వేశారు. 1966లో నివేదిక వచ్చింది. 1969లో బిల్లు రాజ్యసభకు వచ్చేనాటికి ఆ శాఖ మంత్రుల్లో ఒకరు శ్రీపతి చంద్రశేఖర్. జనాభాశాస్త్రవేత్త. 1918లో రాజమండ్రిలో పుట్టి, వేలూరులోనూ మద్రాసులోనూ చదువుకున్న తెలుగువారు. అంటే మనలాంటి వారే. పంతులుగారు పెళ్ళి జరిపించిన ఊరిలో పుట్టినవారి హయాంలోనే ఈ బిల్లు పార్లమెంటు గడప తొక్కడం యాదృచ్ఛికమే కావచ్చు, నాకు మాత్రం సంతోషం కలిగించింది. 1971లో చట్టమైంది, 1972 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. శారదా చట్టం, ఒరిస్సా రాష్ట్రం, ఈ చట్టం మూడూ ఏప్రిల్ 1నే మొదలయ్యాయి. బ్యాంకువాడికి అది కొత్త ఖాతాపుస్తకం తెరిచే రోజు.

శాస్త్రాలు అంత గట్టిగా నిషేధించిన పనికి చట్టం అనుమతినిస్తే, హిందువుల నుంచి దేశవ్యాప్తమైన ఆందోళన ఏదీ లేవలేదు. విదేశాల్లో ఇదే విషయం మీద దశాబ్దాలుగా ఎన్నికలే నడుస్తున్నాయి. మన దగ్గర అలా జరగకపోవడానికి కారణం ఏమిటని చాలా ఆలోచించాను. మన మతంలో అందరికీ ఆజ్ఞ ఇచ్చే పీఠం ఒకటి లేకపోవడం ఒక కారణం. జనాభా గురించిన ఆందోళన ఇంకో కారణం. కానీ ఇళ్ళలో ఏం జరుగుతూ వచ్చిందో అందరికీ తెలిసి ఉండడం అన్నిటికంటే పెద్ద కారణమని నా నమ్మకం.

ఇక్కడితో కథ సుఖాంతమని రాసేస్తే నిజాయితీ కాదు. చట్టం తెరిచిన తలుపులోంచే ఇంకో పాపం లోపలికి వచ్చింది. మనుస్మృతి పదకొండో అధ్యాయంలో, ఆడో మగో తెలియని గర్భాన్ని చంపితే బ్రహ్మహత్యకు చెప్పిన ప్రాయశ్చిత్తమే అన్నారు. తెలియనిది గనక అందులో మగబిడ్డ ఉండవచ్చునన్నది ఆ మాట వెనక భయం. ఏ కారణంచేత అయితేనేం, ఆ తెలియకపోవడమే ఆడపిండాలకు ఇన్ని వందల ఏళ్ళు కంచెలా నిలిచింది. స్కానింగు యంత్రం వచ్చి ఆ కంచె తీసేసింది. లింగనిర్ధారణను నిషేధిస్తూ మహారాష్ట్ర 1988లో, పార్లమెంటు 1994లో చట్టాలు చేశాయి. అయినా ఆరేళ్ళలోపు పిల్లల్లో ప్రతి వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991 జనగణనలో 945 ఉంటే, 2001 నాటికి 927కు దిగారు. 2011లో 920 కూడా దాటలేదు. ఇలా తీయించేవాళ్ళలో శ్రాద్ధాలు నిష్ఠగా పెట్టే కుటుంబాలు లేవని ఎవరనగలరు? కొడుకు చేతి నీళ్ళ కోసం కూతుర్ని కడుపులోనే వద్దనుకున్నవాళ్ళకు నీళ్ళు లేవని ఏ పెద్దలూ చెప్పడం నేను వినలేదు.

2021లో చట్టాన్ని సవరించి, కొన్ని తరగతుల స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచారు. భర్త అన్న చోట భాగస్వామి అన్న మాట చేర్చారు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్ళికాని స్త్రీలకు కూడా ఆ గడువు వర్తిస్తుందని తీర్పు చెప్పింది. 312వ సెక్షన్ పూర్తిగా పోలేదు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 88వ సెక్షన్‌గా ఉంది. చట్టం ఒప్పుకున్న హద్దులు దాటితే స్త్రీ ఈనాటికీ నేరస్థురాలే.

నా అభిప్రాయం అడిగితే ఇదీ: గర్భం తీయించడం చిన్న విషయమని నేను అనను. నా కూతురు అంటుంది, అది ఆ మనిషి ఒక్కత్తే నిర్ణయించుకోవలసిన విషయమని. ఆ మాట పూర్తిగా ఒప్పుకోవడానికి నా పెంపకం నన్ను వెనక్కి లాగుతుంది. కాదనడానికి మా అత్త అడ్డొస్తుంది. ఒక్కటి మాత్రం తేల్చుకున్నాను. పాపం ఉందంటే, అది అందులో పాలున్నవాళ్ళందరికీ పంచి రాయాలి. తొమ్మిదేళ్ళకు పెళ్ళి చేసినవాళ్ళకు, మళ్ళీ పెళ్ళి వద్దన్నవాళ్ళకు, ఆ మగవాడికి, మందు నూరినవాళ్ళకు, డాక్టరును పిలవనివాళ్ళకు, ఏళ్ళ తరబడి నోరు విప్పని మాకు. అలా పంచి రాస్తే ఆవిడ వంతుకు ఏం మిగులుతుందో పాఠకులే చూసుకోవాలి.

ఆ మహాలయంలో మా పురోహితులుగారిని అడిగాను, ఆవిడ పేరు చెప్పవచ్చునా అని. ఆయన పెద్దవారు. కాసేపు ఆలోచించి, ఎవరూ లేనివారందరికీ కలిపి చివర్లో వదిలే నీళ్ళున్నాయి గదా బాబూ, ఆవిడకు అందులో అందుతాయి అన్నారు. దయతోనే అన్నారు. కానీ ఆవిడ ఎవరూ లేనిది కాదు. ముగ్గురు తోబుట్టువులు ఉన్నారు, వాళ్ళకు మేమున్నాం. ఆ మాటే చెప్పాను. ఆయన ఇంకేమీ అనకుండా, గోత్రం ఏమని చెబుతారు అని అడిగారు.

నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసిన గోత్రం చదివాను. ఆ తర్వాత పేరు చెప్పాను. మా ఇంట్లో ఆ పేరు పైకి వినబడి ఎనభై ఏళ్ళు దాటింది. దర్భల మీదుగా నీళ్ళు వదిలి, ఇంటికొచ్చాక నాన్నగారు ఖాళీగా ఉంచిన గీత మీద సిరాతో రాశాను. పక్కనున్న ప్రశ్నార్థకం అలాగే ఉంచాను. అది నాన్నగారిది.